మీరింకా చూస్తున్నారా?

పెళ్ళి కాని కుర్రాణ్ణి పట్టుకుని ఓ టీవీ "మళ్ళీ స్వాగతం, నాన్న" అంటే ఎంతటివాడికైనా గుండె జల్లుమంటుంది. అందులోనూ బయట వాన, గదిలో మసక చీకటి, చుట్టూ బల్లల మీద వరసగా ఇకిలిస్తున్న కట్టుడు పళ్ళూ ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

కట్టుడు పళ్ళు మన కుర్రాడి వృత్తి. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటికి సరిపడా మైనంలో పళ్ళు పేర్చి, సెట్లు తయారుచేసి పంపిస్తాడు. అక్కాబావల ఇంటి మేడమీద గదే అతని ఇల్లూ, పని చేసే చోటూ. వీధిలో అందరూ పళ్ళబ్బాయి అంటారు. మనమూ అలాగే అందాం.

టీవీ తెచ్చింది బావ. ఆయనకి కొత్త వస్తువంటే గిట్టదు. పాత సామాన్ల కొట్టులో "స్మార్ట్ టీవీ, పెద్దగా వాడలేదు" అనగానే భుజానేసుకొచ్చి, మేడెక్కించి, గోడకి తగిలించి, "నీకు తోడురా" అని బావమరిది వీపు తట్టి, నెట్‌కి కలిపే పని మాత్రం అతనికే వదిలేసి కిందకి జారుకున్నాడు.

ఆ పని మూడు చెరువుల నీళ్ళు తాగించింది. రిమోట్ మీద బాణం గుర్తులున్నాయి గానీ వాటికి చెప్పిన మాట వినే అలవాటు లేదు. ఒకసారి నొక్కితే కదలదు, రెండోసారి నొక్కితే రెండు అక్షరాలు దూకుతుంది. వైఫై పాస్‌వర్డ్ పెట్టింది అక్క. దొంగలెవరూ కనిపెట్టకూడదని పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు, మధ్యలో ఒక చుక్క, చివర ఆశ్చర్యార్థకం కలిపి మరీ పెట్టింది.

"అక్కా! ఆ ఆశ్చర్యార్థకం ఎక్కడుందే?" అని మేడ మీంచి అరిచాడు.

"నీ మొహంలోనే ఉంది, చూసుకో!" అని వంటింట్లోంచి జవాబొచ్చింది.

ఎట్టకేలకు అక్షరాలన్నీ పడ్డాయి. తెర మీద గుండ్రం తిరిగి తిరిగి ఆగింది. అప్పుడు పలికింది ఆ స్వాగతం. దాని కింద ఉన్నది ఒక్కటే పేరు, నాన్న. ఆ పేరు కింద సగంలో ఆపేసిన బొమ్మ ఒక్కటి. కొండల్లో ఓ పాత రైలు, సొరంగం నోటి దగ్గర. బొమ్మ అడుగున ఎర్ర గీత సగందాకా వచ్చి ఆగింది. అక్కడిదాకా ఎవరో చూశారన్నమాట.

'ఎవరో పెద్దాయన టీవీ. పేరు తీసెయ్యకుండానే అమ్మేశారు' అనుకున్నాడు పళ్ళబ్బాయి. తన పేరు పెట్టుకుందామని చూశాడు. సెట్టింగుల్లో సెట్టింగులు, వాటి కడుపులో మళ్ళీ సెట్టింగులు. తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాడు. విసుగెత్తి ఆ రైలు బొమ్మ మీదే నొక్కాడు.

మాటల్లేని బొమ్మ అది. ఇంజను రొద, చక్రాల చప్పుడు, అంతే. రైలు సొరంగంలోకి దూరింది, తెర నల్లబడింది. ఆ నల్లటి తెరలో గది కనబడింది. అతనూ, అతని వెనక పళ్ళ వరసలూ. ఎంతసేపటికీ వెలుతురు రాదే! ఎందుకో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాలనిపించింది. ధైర్యం చాలక చూడలేదు.

రైలు బయటపడ్డాక కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి చక్రాల చప్పుడు లేదు. తెర మీద ఒక్క వాక్యం మాత్రం ఉంది.

'నాన్న, మీరింకా చూస్తున్నారా?'

కింద రెండు బటన్లు, అవును, కాదు. ఒకటి నీలంలాంటి బూడిద రంగు, రెండోది బూడిదలాంటి నీలం. అందులో ఏది ఎంచుకున్నట్టో ఆ టీవీ చేసినవాడికే తెలియాలి. 'కాదు' అనుకునే నొక్కాడు. రైలు మళ్ళీ కదిలింది. అతను లేచి వెళ్ళి ప్లగ్గు పీకేశాడు.

మర్నాడు సాయంత్రం టీవీ పెడితే రైలు సొరంగం ముందే ఉంది.

నిన్న సొరంగం దాటింది, వంతెన దాటింది, అతనికి బాగా గుర్తు. ఎర్ర గీత మాత్రం వెనక్కొచ్చి పాత చోటే నిలబడింది. పట్టుదలగా ఆ సాయంత్రం ఆఖరిదాకా చూశాడు. ఆ మర్నాడు మళ్ళీ అక్కడే. సొరంగం నోరు తెరుచుకుని ఉంది. ఇంజను ఒంటికన్నుతో అతన్నే చూస్తోంది.

"అక్కా, ఆ టీవీలో ఏదో ఉందే" అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి.

"ఉండకేం? మీ బావ తెచ్చిన మిక్సీలో ఎలకపిల్ల ఉంది. గడియారం వెనక్కి నడిచింది. ఇంతకీ టీవీలో ఏముందిట?"

"నేను ముందుకి చూస్తుంటే, ఎవరో రోజూ వెనక్కి జరుపుతున్నారు."

కూరలు తరుగుతున్న అక్క చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "అనుమానం పెనుభూతం అన్నారు. పగలంతా ఆ పళ్ళ మధ్య కూర్చుంటే ఇలాంటివే కనబడతాయి మరి. పెళ్ళి చేసుకోరా అంటే వినవు."

"దయ్యానికీ పెళ్ళికీ ఏమిటే సంబంధం?"

"ఇంట్లో ఒకరుంటే ఇంకొకరికి చోటుండదు" అంది అక్క. పక్క గదిలోంచి బావ దగ్గాడు.

టీవీలో ఉన్నదంతా చెరిపేసి కొత్తగా మొదలుపెట్టమని బావ సలహా. ఆ చెరిపే దారి ఎక్కడుందో తెలియక, ఆ సాయంత్రం పళ్ళబ్బాయి వెతుకులాట పెట్టె తెరిచాడు. అంతకు ముందు వెతికినవన్నీ అందులో వరసగా ఉన్నాయి. కొండ రైలు. పాత ఇంజన్లు. వంతెన మీద రైలు. అన్నిటికన్నా పైన, అతను టైపు చెయ్యనిది, రైళ్ళ ఊసే లేనిది ఒకటి ఉంది.

'నాన్నా నువ్వేనా'

రిమోట్ చేతిలోంచి జారి కిందున్న పళ్ళ సెట్టు మీద పడింది. పై పన్నూ కింది పన్నూ టకటకా కొట్టుకున్నాయి. ఆ చప్పుడికి అతని పళ్ళూ అలాగే కొట్టుకున్నాయి.

కాసేపటికి ఊపిరి సర్దుకున్నాక బుర్ర పని చెయ్యడం మొదలుపెట్టింది. దయ్యాలు ప్రశ్నలడగవు. అడిగేది మనుషులే. అంటే ఈ ఖాతా ఈ ఒక్క టీవీలోనే కాదు, ఇంకెక్కడో ఇంకెవరి చేతిలోనో కూడా తెరిచి ఉంది. ఇక్కడ చూసింది అక్కడ తెలుస్తుంది, అక్కడ వెతికింది ఇక్కడ కనబడుతుంది. రోజూ రైలుని వెనక్కి జరిపేది ఆ మనిషే. అటువైపు కూర్చున్న ఆ మనిషికి తనే దయ్యం!

భయం సగం తగ్గింది. ఆ సగంలోకి జాలి వచ్చి కూర్చుంది.

జవాబు చెప్పడం ధర్మం కదా అని మొదలుపెట్టాడు. తెర మీద తెలుగు అక్షరాల పలక ఉంది గానీ, గుణింతాలు ఒక పేజీలో, ఒత్తులు ఇంకో పేజీలో. చెమటలు కక్కి రెండే రెండు అక్షరాలు టైపు చేశాడు. 'కాదు'. వెతుకు అని నొక్కాడు. 'కాదు' కోసం వెతికిన టీవీ ఏవేవో పాటలు చూపించింది.

కాసేపయ్యాక వెతుకులాట పెట్టె తెరిచి చూస్తే పైన కొత్త మాట. 'మరి ఎవరు'

'కట్టుడు పళ్ళు చేసేవాణ్ణి. ఈ టీవీ మా బావ కొన్నాడు.' ఇదీ అతను చెప్పదలుచుకున్నది. మొదటి రెండు మాటలు పూర్తయ్యేసరికే వేలు నొప్పెట్టింది. ఇంకో బాణం నొక్కబోతే రిమోట్ తన బుద్ధి చూపించి వెతుకు బటన్ మీదకి దూకింది. 'కట్టుడు పళ్ళు' అంతటితోనే వెళ్ళిపోయింది. సరిగ్గా అప్పుడే వీధి చివర పెద్ద ఉరుము ఉరిమి కరెంటు పోయింది.

కరెంటు మర్నాడు సాయంత్రానికి గానీ రాలేదు. రాగానే పరుగున మేడెక్కి చూశాడు.

'నీ పళ్ళు పెట్టెలోనే ఉన్నాయి నాన్నా. కావాలా'

పళ్ళబ్బాయి అలాగే నేల మీద కూలబడ్డాడు. పళ్ళు ఇంట్లో వదిలేసి మనిషి ఎక్కడికి వెళ్తాడో, పళ్ళు చేసేవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? జాలి వేసింది. ఒళ్ళు గగుర్పొడిచింది కూడా. రెండూ ఒకేసారి ఎలా కలిగాయో అతనికే అర్థం కాలేదు.

రిమోట్ మీద అంకెలు విడిగా ఉన్నాయి, వాటికి బాణాలతో పని లేదు. ఏ దేవుడి పుణ్యమో అనుకుని తన ఫోన్ నంబరు నొక్కి, వెతుకు అన్నాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. కిటికీ మీద వాన జారుతూనే ఉంది. తర్వాత ఫోన్ మోగింది.

"హలో! ఎవరండీ మీరు? మా నాన్న టీవీలో ఏం చేస్తున్నారు?" పడుచు గొంతు. కోపం ఎంతుందో వణుకూ అంతే ఉంది.

"టీవీ నాదండీ. మా బావ పాత సామాన్ల కొట్లో కొన్నాడు."

"టీవీ మీదైతే అయింది, నాన్న మాత్రం మా నాన్న!"

"అందులో నాకేం పేచీ లేదండీ."

"అబద్ధం. ఆ టీవీ పగిలిపోయింది, తుక్కు కింద ఇచ్చేశాను అని చెప్పింది మా అమ్మ."

"పగల్లేదండీ. పగిలిందల్లా నా గుండే. నన్ను పట్టుకుని నాన్నా అంటోంది, ఇంకా పెళ్ళయినా కాలేదు."

"మరి కట్టుడు పళ్ళు అని ఎందుకు రాశారు? ఆ మాట చూశాక నాన్న పళ్ళపెట్టె మూత తియ్యాలంటే ఎంత భయం వేసిందో తెలుసా?"

"అది నా వృత్తండీ! కట్టుడు పళ్ళు చేసేవాణ్ణి అని రాయబోయాను. మధ్యలో రిమోట్ దూకింది, ఆ వెంటనే కరెంటూ పోయింది."

ఆ అమ్మాయి నవ్వింది. ఆపుకోలేక నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. పళ్ళబ్బాయి ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, కిటికీలోంచి వానని చూస్తూ నిలబడ్డాడు.

తేరుకున్నాక ఆమే చెప్పింది. నాన్నకి రైళ్ళంటే ప్రాణం. ఆ ఖాతా తెరిచి, 'నాన్న' అని పేరు పెట్టింది తనే. ఆయన ఈ రైలు బొమ్మ చూస్తూ సొరంగం ముందు ఆపారు. కూర్చున్న కుర్చీలోనే ప్రాణం పోయింది. ఆ ఖాతా తన ఫోన్లోనూ ఉంది. రోజూ తెరిచి, ఆయన ఆపిన చోటు చూసుకుని మూసేస్తుంది. ఒకనాడు తెరిస్తే గీత ముందుకి జరిగి ఉంది.

"భయం వేసిందండీ. కానీ ఆ పూటంతా నా అంత సంతోషంగా ఉన్నవాళ్ళు ఇంకొకరుండరు. నాన్న ఎక్కడో కూర్చుని చూస్తున్నారనుకున్నాను" అంది. "వెనక్కి జరిపితే మళ్ళీ చూస్తారేమోనని వెనక్కి జరిపాను. మళ్ళీ చూశారు. అంతా మీరేనన్నమాట."

ఏ తప్పూ చెయ్యకుండానే అంత తప్పు చేసినట్టు పళ్ళబ్బాయికి మునుపెన్నడూ అనిపించలేదు. "ఇక ఆ రైలు జోలికి వెళ్ళనండీ. అది సొరంగం ముందే ఉంటుంది."

"మాట?"

"మాట."

ఫోన్ పెట్టెయ్యాల్సిన చోటు అది. ఇద్దరూ పెట్టలేదు. "ఇంతకీ ఆ రిమోట్‌తో అంత పొడుగు నంబరు ఎలా కొట్టారండీ?" అని ఆమె అడిగింది. "అంకెలొక్కటే మాట వింటాయండీ" అన్నాడతను. "బాణం గుర్తు అలా పట్టుకుని ఉండకండి. నొక్కి వదిలెయ్యాలి. నాన్నకీ ఇదే చెప్పేదాన్ని" అంది ఆమె. ఆ నేర్పడం ఆనాటితో అవలేదు. మర్నాడు వాల్యూం సంగతి, ఆ మర్నాడు తెలుగు ఒత్తుల సంగతి. రిమోట్ పుణ్యమా అని సాయంత్రం కాగానే ఫోన్ మోగడం, పళ్ళబ్బాయి చేతిలోని మైనం అలాగే గట్టిపడిపోవడం మామూలైపోయింది.

ఒక ముసురు పట్టిన సాయంత్రం ఆ అమ్మాయే వచ్చింది. కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం ఆమెది. గొడుగు మెట్ల మీద ఆరబెట్టి, సంచిలోంచి చిన్న పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. "నాన్నవి. పారెయ్యలేను, దాచుకుంటే భయం. మీరైతే ఏమైనా చెబుతారని తెచ్చాను."

అతను సెట్టు తీసి దీపం దగ్గర అటూ ఇటూ తిప్పాడు. "ఎడమవైపే నమిలేవారు. ముందు పన్ను మీద సన్నటి గాట్లు చూశారా? దేన్నో కొరికే అలవాటుంది."

"పెన్సిలు!" అంది ఆమె. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "రైలు బొమ్మలు గీసేవారు. గీస్తూ కొరికేవారు."

"బాగా నవ్వే మనిషి కూడా."

"అదెలా తెలుసు? పళ్ళ మీద రాసుంటుందా?"

"లేదండీ. మీరు నవ్వితే తెలుస్తోంది" అన్నాడు. అనేశాక చెవులు ఎర్రబడ్డాయి. ఆమె గోడమీది టీవీ వైపు చూసింది. తెర మీద రైలు సొరంగం ముందు కదలకుండా ఉంది. ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు. గదిలో మూడో మనిషి ఉన్నట్టే అనిపించింది అతనికి. విచిత్రమేమిటంటే ఈసారి భయం వెయ్యలేదు.

ఆమె వెళ్ళాక అక్క మేడెక్కి వచ్చింది. "పళ్ళు నువ్వు, కళ్ళు ఆ పిల్ల. ఇంకేం, మొహం పూర్తయినట్టే!"

"ఊరుకోవే."

"నేను ఊరుకుంటాలే, నువ్వు ఊరుకోకు."

అతను నవ్వాడు గానీ లోపల ఒక ముల్లు గుచ్చుకుంది. ఆ అమ్మాయి వచ్చేది తన కోసం కాదు, ఆ సొరంగం ముందు ఆగిన రైలు కోసం. రైలున్నంతవరకే తను. ఏనాడైనా ఆ రైలు కదిలిపోతే, రిమోట్ పాఠాలూ ఉండవు, ఆ ఫోనూ మోగదు. ఆ భయం అతనికి దయ్యం భయాన్ని మించిపోయింది.

కదలనే కదిలింది.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. "మాటిచ్చారు మీరు" అంది ఆమె. గొంతులో తడి లేదు, అదే మరీ బాధ. "రైలు సొరంగం దాటి వంతెన మీదకి వెళ్ళిపోయింది."

"నేను ముట్టుకోలేదండీ! టీవీకి ప్లగ్గు కూడా పెట్టలేదు. అక్కా బావా పొద్దున్నే ఊరెళ్ళారు, ఇంట్లో ఇంకెవరూ లేరు."

"నేనూ ముట్టుకోలేదు. నిద్రపోయి లేచేసరికి ఇలా ఉంది. మీరు కాక, నేను కాక ఇంకెవరు? చెప్పండి. నాన్నా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. 'ఏమో, మీ నాన్నే అయ్యుంటారు' అని ఒక్క మాటంటే చాలు. ఆమె నమ్ముతుంది. నమ్మాలనే అడుగుతోంది. రేపు సాయంత్రం ఫోనూ వస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నేను కాదండీ. మీ నాన్నగారూ కాదు. ఎవరో నాకు తెలీదు" అన్నాడు.

ఫోన్ తెగిపోయింది.

తర్వాత సాయంత్రాలు వట్టి వానతో గడిచాయి. అతను ఫోన్ చేస్తే ఆమె తియ్యదు. టీవీ వైపు చూడ్డానికి మనసొప్పలేదు. ఒకనాడు ఉండబట్టలేక ప్లగ్గు పెట్టాడు. ఎర్ర గీత ఇంకా ముందుకెళ్ళి ఉంది. ఆ పేజీలోంచి బయటికొచ్చి మళ్ళీ చూస్తే మరి కాస్త జరిగింది. కాసేపాగి చూస్తే ఇంకాస్త. అతని కళ్ళెదుటే, ఎవరూ ముట్టుకోకుండా, గీత పాకుతోంది. ఈ క్షణంలో ఎక్కడో, ఎవరో చూస్తున్నారు.

ఈసారి ప్రశ్న అతని వంతైంది. బాణం నొక్కి వదిలి, నొక్కి వదిలి, ఆమె నేర్పినట్టే టైపు చేశాడు. 'ఎవరు మీరు'

చాలాసేపు ఏమీ లేదు. వాన చప్పుడు కూడా తగ్గినట్టనిపించింది. అప్పుడు పైన కొత్త మాట పడింది.

'కాఫీ తెచ్చాను. ఎక్కడున్నారు'

వెన్నులోంచి చలి పాకింది. ఇది ఆ అమ్మాయి మాట కాదు. 'నాన్నా' లేదు. ఎవరో, ఎవరినో, ఇంటి లోపల గది గదికీ తిరిగి పిలుస్తున్నట్టుంది. వెంటనే ఆ అమ్మాయి నంబరుకే ఫోన్ చేశాడు. ఎవరో ఎత్తారు. పెద్దావిడ గొంతు, చాలా మెల్లగా పలికింది.

"ఏమండీ?"

భార్య భర్తని పిలిచే పిలుపు. పళ్ళబ్బాయి ధైర్యం ఎలాగో కూడదీసుకున్నాడు. "అమ్మా, నేను... పళ్ళు చేసే అబ్బాయిని. టీవీ మా ఇంట్లో ఉంది."

అటువైపు పెద్ద నిట్టూర్పు వినబడింది. "నువ్వా బాబూ. నాకూ తెలుసులే, ఆయనెందుకు మాట్లాడతారు? అయినా ఒకసారి పిలిచి చూద్దామనిపించింది. ఏమీ అనుకోకు."

ఆవిడ ఆ అమ్మాయి తల్లి. కూతురు కోపంతో ఫోన్ ఇంట్లో పారేసి షాపుకి వెళ్ళింది. రోజూ ఆ ఫోన్లో ఒకే బొమ్మ చూసి కూతురు కళ్ళు తుడుచుకోవడం తల్లి ఎప్పటినుంచో గమనిస్తోంది. ఆదివారం పిల్ల నిద్రపోతుంటే తీసి చూసింది.

"ఆ రైలు ఆపింది నాకోసం బాబూ" అంది ఆవిడ. "సొరంగం వస్తోంది, చీకటంటే నీకిష్టం కదా, కాఫీ తీసుకునిరా, ఇద్దరం కలిసి చూద్దాం అని ఆపారు. తీసుకుని వచ్చేసరికి ఆయన లేరు. ఆ టీవీ ఇంట్లో ఉంచలేక అమ్మేసి, పగిలిందని పిల్లకి అబద్ధం చెప్పాను. సొరంగం అవతల ఏముందో చూడకుండా ఎన్నాళ్ళని ఉండను? దొంగతనంగా ముక్క ముక్కగా చూస్తున్నాను. దాని మూలాన నీ మీద నింద పడిందని నిన్న పిల్ల చెప్పేదాకా తెలీదు."

"పర్వాలేదండీ."

"దానితో ఒక్క మాట అబద్ధం చెప్పుంటే నీకు సులువయ్యేది. చెప్పలేదుట. పిల్ల ఆ మాటే తలుచుకుని తలుచుకుని తిట్టుకుంటోంది. నిన్ను కాదు, తనని."

ఆ మర్నాటి సాయంత్రం తల్లీకూతుళ్ళు మేడెక్కి వచ్చారు. ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడి, నేల చూపులు చూస్తూ, "సారీ అండీ" అంది. "అనుమానం పెనుభూతమండీ, మా అక్క ఎప్పుడూ అంటుంది" అన్నాడతను. అక్క కాఫీ తెచ్చింది. తల్లి ఒక కప్పు తను పట్టుకుని, ఇంకో కప్పు పక్కనున్న ఖాళీ కుర్చీ ముందు పెట్టమంది. అక్క ఏమీ అడక్కుండా పెట్టి, తలుపు దగ్గరికి వేసి దిగిపోయింది.

అమ్మాయి ఫోన్లో గీతని ఆఖరిసారి వెనక్కి జరిపి, తండ్రి ఆపిన చోట నిలబెట్టింది. లైటు ఆర్పారు. పళ్ళబ్బాయి రిమోట్ నొక్కి, తీసి బల్ల మీద పెట్టేశాడు. రైలు కదిలింది. కొండ మలుపు తిరిగింది. సొరంగం నోరు దగ్గరైంది.

సరిగ్గా ఆ అంచున బొమ్మ ఆగిపోయింది.

ఎవరూ ముట్టుకోలేదు. రిమోట్ బల్ల మీదే ఉంది. తెర మధ్య చిన్న గుండ్రం తిరుగుతోంది. "వానకి నెట్ నెమ్మదించినట్టుందండీ" అన్నాడు. అంటున్న తనకే నమ్మకం కుదరలేదు. అమ్మాయి అతని మొహంలోకి చూసింది. ఖాళీ కుర్చీ ముందు కాఫీ పొగలు కక్కుతోంది.

తల్లి ఏమాత్రం తొణకలేదు. కుర్చీ వైపు కాస్త ఒరిగి, "వచ్చానండీ. పక్కనే ఉన్నాను. పోనివ్వండి" అంది.

గుండ్రం మాయమైంది. రైలు సొరంగంలోకి వెళ్ళింది.

తెర నల్లబడింది, గది నల్లబడింది. చక్రాల చప్పుడు నాలుగు గోడల్నీ నింపేసింది. ఆ చీకట్లో పళ్ళబ్బాయి గొంతు తగ్గించి, "ఈ రైలు అయిపోతే మీరిక ఫోన్ చెయ్యరేమోనని భయంగా ఉందండీ. మీరంటే నాకు చాలా ఇష్టం" అన్నాడు. అంత చీకటి లేకపోతే జన్మలో అనగలిగేవాడు కాదు.

"రిమోట్ నేర్పడం ఇంకా అవలేదుగా" అని గుసగుస వినబడింది. వెంటనే చల్లటి వేళ్ళు వచ్చి అతని వేళ్ళని పట్టుకున్నాయి. ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాడు. అవి ఆమెవేనని రూఢి చేసుకున్నాక మరి వదల్లేదు.

రైలు వెలుతుర్లోకి వచ్చింది. లోయ నిండా ఎండ, వంతెన కింద నీళ్ళు. తల్లి కళ్ళ నిండా నీళ్ళతోనే నవ్వుతోంది. ఆ వెలుతుర్లో ఆవిడకి కనబడవలసిన చేతులు కనబడనే కనబడ్డాయి. "సొరంగం ఇంకాస్త పొడుగుండాల్సింది కదూ?" అంది. ఇద్దరూ చటుక్కున చేతులు తీసేసి, తెర వైపు మహా శ్రద్ధగా చూశారు.

రైలు ఆఖరి స్టేషన్లో ఆగింది. తెర మీదకి ఆ వాక్యం వచ్చింది.

'నాన్న, మీరింకా చూస్తున్నారా?'

కింద అవే రెండు బటన్లు, నీలంలాంటి బూడిద, బూడిదలాంటి నీలం. పళ్ళబ్బాయి రిమోట్ చేతిలోకి తీసుకుని, ఏది నొక్కాలో తెలియక, అమ్మాయి వైపు చూశాడు. అమ్మాయి తల్లి వైపు చూసింది. తల్లి ఖాళీ కుర్చీ వైపు ఒకసారి, వాళ్ళిద్దరి వైపు ఒకసారి చూసింది.

"చూస్తూనే ఉంటార్లే" అంది. "అవును నొక్కు, అల్లుడూ."

ఆ రిమోట్ ఆ ఇంటికొచ్చాక మొట్టమొదటిసారి ఒక్క నొక్కుతో మాట వింది.